బ్రాంది షాపు ముందర పడుగు

వనజాక్షి గొంతు ఎలా ఉంటుందో పక్కింటివాళ్ళకు కూడా సరిగ్గా తెలియదు అనేవాళ్ళు. తిరుత్తణిలో రైలుగేటు దాటి ఎడమకు తిరిగితే వచ్చే నేతవీధికి ఆమె కోడలుగా వచ్చి ఎన్నేళ్ళయినా, కుళాయి దగ్గర బిందెల గొడవలో గానీ రేషన్ కడ వరుసలో గానీ నోరు విప్పగా చూసినవాళ్ళు లేరు. ఎవరైనా తోసుకుని ముందుకొస్తే తనే ఒక అడుగు వెనక్కి వేసేది. అలాంటి మనిషిని ఇవాళ చిన్నా పెద్దా అందరూ ‘పడుగక్క’ అని పిలుస్తున్నారు. ఆ పేరు కరోనా ఏడాది ఎండాకాలంలో ఒక్క పూటలో వచ్చింది.

ఆమె భర్త ధనకోటి మంచి నేతగాడు. గుంటమగ్గంలో కూర్చున్నాడంటే నాడె అటూ ఇటూ పోయే చప్పుడు వీధి చివరిదాకా ఒకే తాళంగా వినిపించేది. ఒక్కడే కొడుకు, ముకేశ్. పొద్దున్నే రైలెక్కి తిరువళ్ళూరులో దిగి, మణవాళనగర్ పక్కన ఒక కంపెనీలో పని చేసి వచ్చేవాడు. సాయంత్రం ఇంటికొచ్చాక ఊరికే కూర్చోలేక తండ్రికి ఆసు పోసి, అంటే చీరకు నిలువు పోగులన్నీ బారుగా పేర్చి, పడుగు సిద్ధం చేసేవాడు. ఒకే పడుగులో ఒక చీర ముగిసి ఇంకోటి ఎక్కడ మొదలవుతుందో తెలియడానికి అందరూ పడుగు మీద ఎర్రమన్ను పూస్తారు. ముకేశ్ మాత్రం పాత యూనిఫారంలోంచి లాగిన నీలం దారంతో చిన్న ముడి వేసేవాడు.

“ఏంరా, నీ కంపెనీ దారం నా మగ్గం అచ్చులో ఇరుక్కుంటా ఉండాది. మన్ను పుయ్యడానికి నామోషీనా నీకు?” అని ధనకోటి తిట్టేవాడు.

“మన్ను నీళ్ళు తగిల్తే పోతాది నాయినా. ముడి యాడికి పోతాది?” అని వాడు నవ్వేవాడు.

ఒక జీతం రోజు సాయంత్రం స్నేహితుడి బండి మీద వస్తూ పాండూరు మలుపులో ముకేశ్ పోయాడు. బండి నడిపినవాడూ తాగి ఉన్నాడు, వెనక కూర్చున్న వీడూ తాగి ఉన్నాడు.

ఆ తర్వాత ఇంట్లో మగ్గం ఆగిపోయింది. సగం నేసిన చీర మగ్గం మీదే బూజు పట్టింది. ధనకోటి లేస్తే బ్రాంది షాపు, పడుకుంటే అరుగు. షాపు ఎక్కడో కాదు, వీధి చివర పాత రైసుమిల్లు ఆవరణలోనే. మూడు వైపులా ఎత్తు గోడ, వీధి వైపు గేటు ఎప్పుడో ఊడిపోయి బార్లా తెరిచిన నోరు. పొద్దు వంగితే వీధిలో మగవాళ్ళందరినీ ఆ నోరు మింగేసేది. వనజాక్షి పక్కవాళ్ళ మగ్గాలకు కండెలు చుట్టి ఇల్లు నడిపింది. ముకేశ్ చివరగా ఆసు పోసిన పడుగు ఒకటి ఇంట్లో ఉండిపోయింది. దాన్ని పాతచీరలో చుట్టి అటక మీద పెట్టింది. కొనుక్కుంటామని ఎవరడిగినా తల అడ్డంగా ఊపేది, అంతే.

ఇలా ఉండగా కరోనా వచ్చింది. రైళ్ళు ఆగాయి, గుడి మూశారు, కొండమెట్ల మీద కోతులు తప్ప ఎవరూ లేరు. దాంతోపాటే ఊళ్ళో బ్రాంది షాపులన్నిటికీ తాళం పడింది.

వీధి మగవాళ్ళకు మొదట నమ్మకం కలగలేదు. మూసిన షట్టరు ముందుకొచ్చి నిలబడి, చావింటికొచ్చినట్టు తలలు దించుకుని పోయేవాళ్ళు. గోపాలన్ అని ఒకడున్నాడు, వాడూ నేతగాడే, వీధికంతటికీ నవ్వులమనిషి, తాగుడులోనూ ముందువాడే. వాడు ఇంట్లో దేవుడి పటానికి వేసిన మల్లెదండ తెచ్చి షట్టరుకు తగిలించి, ఊదొత్తి వెలిగించి, “తల్లీ, మమ్మల్ని ఇడిచిపెట్టి యాడికి పోతివే! మా గొంతు తడి చేసేదెవురే!” అని గుండెలు బాదుకున్నాడు. వీధంతా పగలబడి నవ్వింది. పోలీసులొచ్చారు. లాఠీ చూసి గోపాలన్ పరుగెత్తుతుంటే వాడి భార్య పచ్చయమ్మ వాకిట్లోంచి, “ఇంకో రెండు ఏసి పంపించండి సార్, పుణ్యముంటాది!” అని అరిచింది.

నవ్వులు అక్కడ. వనజాక్షి ఇంట్లో నవ్వు లేదు. మందు ఆగేసరికి ధనకోటికి ఒళ్ళంతా వణుకు, చెమటలు, లేని చీమలు పాకుతున్నట్టు గోక్కోవడం. లోటా పట్టుకుంటే సగం నీళ్ళు చొక్కా మీదే. “వనజా, ఒక్క మూత. ఒక్క మూతకు యాడన్నా దొరుకుతాదేమో అడగవే,” అని పసివాడిలా ఏడ్చాడు. ఆమె ముసుగేసుకుని నేరుగా సర్కారు ఆస్పత్రికి పోయింది. అక్కడి నర్సు మాత్రలిచ్చి, “ఒంటరిగా ఇడవద్దక్కా, ఫిట్స్ వచ్చేదుంటాది. వస్తే అంబులెన్సుకు ఫోన్ చెయ్యి. మజ్జిగ, గంజి తాగిస్తా ఉండు,” అని చెప్పింది. వనజాక్షి అతని పక్కన్నుంచి కదల్లేదు. తిట్టినా కదల్లేదు, కాళ్ళు పట్టుకున్నా కదల్లేదు.

వణుకు కొంచెం కొంచెంగా తగ్గింది. ఒక పొద్దున ఆమె వంటింట్లో పాలు కాస్తుండగా ముందుగదిలో ఏదో తట్టినట్టయింది. మళ్ళీ తట్టింది. నాడె! ధనకోటి బూజు దులిపి, గుంటలోకి కాళ్ళు దించి, ఆ సగం చీర నేస్తున్నాడు. మొదట తాళం తప్పింది, ఆగింది, మళ్ళీ అందుకుంది. పాలు పొంగి పొయ్యిలో పడుతున్నా వనజాక్షి దించలేదు. ఆ చప్పుడు మీదికి ఇంకో చప్పుడు రాకూడదని అలాగే నిలబడిపోయింది.

అప్పటినుంచి ఆమెకు లోకంలో ఒక్కటే భయం, ఆ షట్టరు లేస్తుందేమోనని.

ముందు ఆంధ్రావైపు లేచింది. నగరిలో షాపులు తెరిచారట అనగానే తిరుత్తణి మగవాళ్ళు చెరుకుతోటల్లో పడి, గట్ల మీద పడి బార్డరు దాటారు. దొరికినవాళ్ళ చేత పోలీసులు నడిరోడ్డు మీద గుంజీలు తీయించారు. దొరకనివాళ్ళలో గోపాలన్ ఒకడు. తెల్లారేటప్పటికి చంకలో సీసా, కడుపులో సగం సీసాతో ఊగుతూ వీధి మొగలోకొచ్చాడు. ఆ పొద్దున వీధి నడుమ గంజి పెట్టడానికి ఎవరిదో పడుగు సాగదీసి ఉంది. వాడి ఇల్లు పడుగుకు అవతల. నాలుగడుగులు వేసి దాటితే గడప. కానీ గోపాలన్ పడుగు చూసి ఆగాడు. చేతులు జోడించి దానికో దండం పెట్టాడు. వెనక్కి తిరిగి, గోడలు పట్టుకుంటూ, కాలవ పక్కనుంచి వీధంతా చుట్టి ఇల్లు చేరాడు.

ముగ్గు వేస్తున్న వనజాక్షి ఇది చూసింది. ఇందులో వింతేమీ లేదు నిజానికి. నేతవీధిలో సాగదీసిన పడుగును ఎవరూ దాటరు, కింద దూరరు. కృత్తికకు కావళ్ళెత్తుకుని వచ్చే భక్తులు కూడా పడుగు చుట్టేదాకా పక్కన నిలబడతారు. అంతేకాదు, గంజి పెట్టిన పడుగు ఆరిపోతుంటే దారిన పోయే నేతగాడెవరైనా చేతిలో పని వదిలి ఒక చెయ్యి వెయ్యాల్సిందే. పగవాడి పడుగైనా సరే. ఎప్పుడూ ఉన్నదే ఇది. కానీ ఒళ్ళు తెలియని మనిషికి కూడా అది తెలిసి ఉండడం చూసి ఆమె చేతిలో ముగ్గు అలాగే ఆగిపోయింది.

ఆ మరునాడే టీవీలో చెప్పారు. తమిళనాడులోనూ తెరుస్తున్నారు. ఆధార్ కార్డు తీసుకుని రావాలి. యాభై దాటినవాళ్ళకు పొద్దున, తర్వాత నడివయసువాళ్ళకు, సాయంత్రం కుర్రవాళ్ళకు. మిల్లు ముందర తెల్లసున్నంతో గుండ్రాలు గీశారు, మనిషికొకటి.

“పెద్దోళ్ళకు ఇంత మర్యాద చేసిన సర్కారును నేను చూడలేదు,” అన్నాడు గోపాలన్ తన ఆధార్ కార్డు తుడుచుకుంటూ.

ధనకోటి ఆ రోజు నేత ఆపి అరుగు మీదికొచ్చాడు. “వనజా, నా మాట నమ్మొద్దు. పోననే చెప్తాను. ఆ షట్టరు లేసిన చప్పుడు యింటే మాత్రం కాళ్ళు నా మాట యినవు. పొద్దున బయట గొళ్ళెం పెట్టేసి పో.”

ఆమె గొళ్ళెం వైపు చూసింది. ఇవాళ గొళ్ళెం పెట్టవచ్చు, రేపో? ఎల్లుండో? మనిషిని ఇంట్లో పెట్టి మూసేకంటే మూయాల్సింది ఇంకొకటుంది. అటకకు నిచ్చెన వేసి ముకేశ్ పడుగు దించింది. దాన్ని చంకన పెట్టుకుని అలిమేలమ్మ ఇంటికి పోయింది. అలిమేలమ్మ వీధికంతటికీ పెద్దది, పళ్ళన్నీ పోయినా మాట పోనిది. వనజాక్షి నోరు తెరిచి చెప్పింది వినగానే ఆమె నోట్లో వక్క ఆగిపోయింది.

“పిచ్చి పట్టిందేమే నీకు? పడుగు తెల్లారేలోగా చేసుకుని చుట్టేసేది. ఈ కత్తిరి ఎండలో, షాపు తెరిచే పొద్దుకు గంజి పెడితే పుల్లలైపోతాదే! ఎవురి నూలు పాడు చేస్తామనుకున్నావు?”

“నాదే పెద్దమ్మా. మావాడు పోసింది.”

అలిమేలమ్మ మూట విప్పి చూసింది. నీలం ముడి కనబడింది. మళ్ళీ కట్టేసింది. “పచ్చయమ్మను పిలు. రేషన్ బియ్యం ఎవురింట్లో ఎంత ఉంటే అంత గంజి కాయమను,” అంది.

మరునాడు షాపువాళ్ళు లోపలికి పోయి సీసాలు సర్దుకునేసరికి మిల్లు నోటికి ఈ కొసనుంచి ఆ కొసదాకా, ఇంకా అటూ ఇటూ కూడా, పడుగు సాగి ఉంది. అడ్డకర్రల మీద నడుమెత్తున, తెల్లగా, బిగువుగా, ఒక్కో పోగూ తంబురా తీగలాగా. ఆడవాళ్ళు ముక్కుకు కొంగు కట్టుకుని, చేతికి చెయ్యి తగలకుండా ఎడంగా నిలబడ్డారు. గంజికుండలు వరుసగా పెట్టారు. గంజి పూసి దువ్వే పడుగు కుంచె బరువైనది. ఇద్దరు చెరోవైపు పట్టుకుని ఒకే అడుగుతో కొసదాకా నడవాలి. ఒకవైపు వనజాక్షి, ఇంకోవైపు అలిమేలమ్మ.

ఇవతల సున్నపు గుండ్రాలు నిండిపోయాయి. మగవాళ్ళు సంచులు, కార్డులు పట్టుకుని ఎండలో నిలబడ్డారు. అవతల షట్టరు లేచింది. వీళ్ళకూ దానికీ మధ్య పడుగు.

కొత్తగా వచ్చిన ఎస్సై ముందుకొచ్చాడు. “ఎన్నమ్మా ఇదు? ఎడుంగ!” అన్నాడు, తీసెయ్యమని చెయ్యి ఊపుతూ.

“తడి పడుగు సామీ,” అంది అలిమేలమ్మ. “ఇప్పుడెత్తితే పోగుకు పోగు అతుక్కుని గడ్డయిపోతాది. ఆరినంక మేమే చుట్టుకుని పోతాము.”

“ఎప్పుడారుతుంది?”

“ఇంగా గంజి పెడతానే ఉండాము గదా.”

వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఎస్సైకి కోపమొచ్చింది. “లాక్‌డౌన్‌లో ధర్నా చేస్తారా? గుంపు కూడితే కేసు పెడతా!”

“ధర్నా యాడుండాది సార్?” అంది పచ్చయమ్మ. “మా పని మేము చేసుకుంటా ఉండాము. గుంపు మీ ఎనకాల ఉండాది, చూడండి. అదిగో, రెండో గుండ్రంలో నిలబడుకోనుండాడే, వాడు నా మొగుడు. ముందు వాడి మీద పెట్టండి కేసు.”

గోపాలన్ సంచిని ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఎస్సై కానిస్టేబుల్ శరవణన్ను పిలిచి, పడుగును కొంచెం పైకెత్తి పట్టుకో, వాళ్ళు కిందనుంచి దూరిపోతారు అన్నాడు. శరవణన్ పడుగు దాకా వచ్చాడు. రెండు చేతులూ చాపాడు. మళ్ళీ వెనక్కి తీసుకుని ప్యాంటుకు తుడుచుకున్నాడు. “సార్, మా అమ్మ అమ్మయార్‌కుప్పంలో ఇంగా మగ్గం నేస్తా ఉండాది. వేరే ఏ పని చెప్పినా చేస్తాను సార్,” అన్నాడు. ఎస్సై టోపీ తీసి నుదురు తుడుచుకుని, నీడకు పోయి ఫోను చెవికి ఆనించాడు.

వరుస కదల్లేదు. ఎవరూ తిట్టనూ లేదు. అందరి కళ్ళూ సీసాల మీద ఉండాల్సింది, పడుగు మీద ఉన్నాయి. ఎందుకంటే ఎండ ముదిరింది. గంజి పెట్టిన చోటు పెట్టినట్టే బిరుసెక్కుతోంది. టప్‌మని ఒక పోగు తెగింది. ఇంకొకటి. వరుసలో ముసలి నేతగాళ్ళు పళ్ళు కొరుక్కున్నారు. “నడుమ తడి చెయ్యండమ్మే, నడుమ!” అని ఎవరో ఉండబట్టలేక అరిచారు.

అప్పుడే అలిమేలమ్మ మోకాలు తూలింది. కుంచె అవతలి కొస జారి పడుగు మీద వాలింది. నాలుగైదు పోగులు ఒక్కసారే పోయాయి. పొద్దున్నుంచీ పడుగు మీదికే వంచిన తల వనజాక్షి అప్పుడు ఎత్తింది. ఎదురుగా, పడుగుకు అవతల, మొదటి గుండ్రంలో ధనకోటి. చేతిలో ఆధార్ కార్డు.

ఆమె తలుపుకు గొళ్ళెం పెట్టలేదు. చెప్పినట్టే కాళ్ళు అతన్ని తీసుకొచ్చేశాయి. అతను గుండ్రంలోంచి బయటికి అడుగు వేశాడు. ఇంకో అడుగు. పడుగు దగ్గరికొచ్చి ఆగాడు. అవతల షట్టరు, ఇవతల అతను. అతను షట్టరును చూడడం లేదు. పడుగు మీద ఒకచోట చిన్న నీలం ముడి ఉంది, దాన్ని చూస్తున్నాడు.

వనజాక్షి గొంతు ఆ వీధి మొదటిసారి విన్నది అప్పుడే.

“ఏం చూస్తావయ్యా! నీ కొడుకు పోసిన పడుగు ఎండకు తెగిపోతా ఉండాది! పట్టు కుంచె!”

అది మామూలు అరుపు కాదు. పైన కరెంటు తీగల మీది కాకులు లేచిపోయాయి. అంత గొంతు ఆమెలో ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందో తెలియదు.

ధనకోటికి రెండు చేతులూ కావాల్సి వచ్చాయి. ఆధార్ కార్డును పళ్ళ మధ్య కరుచుకున్నాడు. వంగి, తెగిన పోగుల కొసలు వెతికి, వేళ్ళు గంజిలో తడిపి, ఒక్కొక్కటే కలిపి నలిపాడు. అందరూ అతని వేళ్ళనే చూశారు. వణకలేదు. చివరి పోగు కలిపి, కుంచె కొస అందుకున్నాడు. కార్డు పళ్ళలో ఉండగానే “ఊ” అన్నాడు. మొగుడూ పెళ్ళామూ పడుగుకు చెరోవైపునా ఒకే అడుగుతో నడిచారు.

ఆ తర్వాత ఎవరు ముందు కదిలారో చెప్పలేము. ఒక ముసలాయన సంచి మడిచి నడుముకు చెక్కుకుని రెండో కుంచె పట్టాడు. ఇంకొకాయన గంజికుండ ఎత్తాడు. పడుగు ఆరిపోతుంటే చేతులు కట్టుకుని నిలబడడం వాళ్ళకు పుట్టుకతో రాలేదు. ఒక్కో గుండ్రమే ఖాళీ అయింది. నేత తెలియని నలుగురైదుగురు కాసేపు చూసి, మనకెందుకని జారుకున్నారు. గోపాలన్ చివరిదాకా తన గుండ్రంలోనే ఉన్నాడు.

“నువ్వు రావా?” అంది పచ్చయమ్మ.

“నేను వరుస కాపాడతా ఉండానే.”

“వరుస యాడుండాదయ్యా?”

గోపాలన్ వెనక్కి తిరిగి చూశాడు. ఒక్కరూ లేరు. “అట్లయితే సరే. ఇంట్లో ఆంధ్రా సరుకు కొంచెం ఉండాది, తొందరేం లేదు,” అని నిక్కరు కనబడేదాకా లుంగీ ఎగ్గట్టి వచ్చాడు. పని తెలిసినవాడే. పడుగు కొస దగ్గర బిగువు చూడడంలో వాడిని మించినవాడు లేడు.

ఆ పడుగు చుట్టేసరికి పచ్చయమ్మ తనింట్లోంచి ఇంకొకటి తెచ్చింది. అది చుట్టేసరికి మూడో ఇంటినుంచి మరొకటి. పెద్దవాళ్ళ టైము పోయింది, నడివయసువాళ్ళ టైము పోయింది. “సార్, నేను పొద్దున టైమోడిని, సాయంత్రం కుర్రోళ్ళలో కలిపేస్తారా?” అని గోపాలన్ అడిగితే ఎస్సై కూడా ముఖం పక్కకు తిప్పుకుని నవ్వాడు. షాపులో అమ్మేవాడు ఎవరూ రాక స్టూలు బయట వేసుకుని పడుగు పని చూస్తూ కూర్చున్నాడు. పొద్దు వాలాక ఒక్క సీసా అమ్మకుండా షట్టరు దించుకుని పోయాడు. షట్టరు కిందపడ్డ చప్పుడుకు ఆడవాళ్ళు కుంచెలు పైకెత్తి కేకలు పెట్టారు. అలిమేలమ్మ అరుగు మీద కూర్చునే చప్పట్లు కొట్టింది.

మరునాడు కోర్టు షాపులన్నీ మళ్ళీ మూయమంది. కొన్నాళ్ళకు పైకోర్టు తెరవమంది, ఊళ్ళో తెరిచారు. మిల్లులో షట్టరు మాత్రం లేవలేదు. తెల్లారితే పడుగు అడ్డం ఉంటుందని పైవాళ్ళకు అర్థమయిందో ఏమో, షాపును హైవే అవతలికి మార్చేశారు. తాగాలనుకున్నవాళ్ళు అక్కడికీ పోతారు, పోరని కాదు. గోపాలన్ కూడా కొన్నాళ్ళు పోయాడు. “అంత దూరం నడిచి తిరిగొచ్చేలోగా ఎక్కింది దిగిపోతా ఉండాది, ఏం సుఖం?” అని ఇప్పుడు బాగా తగ్గించాడు. ధనకోటి మాత్రం మళ్ళీ పోలేదు.

ఎండలో చేసిన ఆ పడుగు నేయడానికి అతను నానా తిప్పలూ పడ్డాడు. గంజి గడ్డకట్టిన చోట్ల గజానికి పది పోగులు తెగేవి. అందులో ఒక చీర బిరుసుగా, గోనెపట్టలాగా వచ్చింది. దాన్ని ఎవరికీ అమ్మలేదు. గుడి తెరిచిన రోజు వనజాక్షి అదే కట్టుకుని కొండెక్కింది. “గీరుకోలేదా అక్కా?” అని పచ్చయమ్మ అడిగితే, “గీరుకునింది. గీరుకోనీ,” అంది.

ధనకోటి ఇప్పుడు పడుగు మీద ఎర్రమన్ను పూయడు. టైలరు దగ్గర నీలం దారం ఉండ ఒకటి కొని పెట్టుకున్నాడు.

ఇక ఆ మిల్లు ఆవరణలోనే వీధి పడుగులన్నీ చేస్తున్నారు. మూడు వైపులా గోడ ఉంది కాబట్టి పొద్దెక్కినా నీడ, గాలి తగలదు, బండ్ల బెడద లేదు. అప్పుడప్పుడూ కాలికింద పాత సీసా మూత ఒకటి గుచ్చుకుంటుంది. దాన్ని తీసి గోడ అవతలికి విసిరేసి మళ్ళీ కుంచె పడతారు. తెల్లవారుతుండగా అక్కడినుంచి ఒక కేక వస్తుంది.

“రాండయ్యా, గంజి ఆరిపోతా ఉండాది! గోపాలన్నా, లేసినావా లేదా?”

“లేసినాను తల్లీ, లేసినాను! చెవులు పోతా ఉండాయి!” అని గోపాలన్ ఇంట్లోంచే బదులిస్తాడు. రైలుగేటు దగ్గర టీకొట్టువాడు ఆ గొంతు విని పొయ్యి వెలిగిస్తాడు.